న్యూయార్క్ రాత్రికి వన్స్ మోర్

ఇప్పుడు మీ ఫోన్లో మోగుతున్న పాట బహుశా ఏ ఒక్క రోజునో పుట్టింది కాదు. డ్రమ్స్ ఒక వారం, గిటార్ ఇంకో వారం, గొంతు మరో ఊళ్లో. అన్నీ తెచ్చి ఒకచోట అతికిస్తారు. అందులో తప్పేం లేదు, సినిమా కూడా అలాగే తీస్తారు. లైవ్ ఆల్బమ్‌కి మాత్రం ఒక తేదీ, ఒక ఊరు, ఒక హాలు ఉంటాయి. నేను పదేళ్లుగా వదలకుండా వింటున్న ఆల్బమ్‌కి ఆ తేదీ 2000 ఆగస్టు 30. ఊరు న్యూయార్క్. హాలు రోజ్‌లాండ్ బాల్‌రూమ్. బ్యాండ్ పేరు డ్రీమ్ థియేటర్, ఆల్బమ్ పేరు ‘లైవ్ సీన్స్ ఫ్రమ్ న్యూయార్క్’. మూడు సీడీలు, మూడు గంటలకు పైగా నిడివి.

మూడు గంటలా అని స్క్రోల్ చేసేయకండి. మన పెద్దవాళ్లు రాత్రి పదింటికి మొదలై తెల్లారేదాకా సాగే నాటకాలు నేల మీద చాపలేసుకుని చూశారు. మనం వీకెండ్‌లో ఒక సిరీస్ మొత్తం లాగించేస్తాం. మనకి ఓపిక లేకపోలేదు, దేనికి ఖర్చు పెట్టాలన్నదే ప్రశ్న.

ముందు ఈ సంగీతం ఏంటో చెప్పాలి. ప్రోగ్రెసివ్ మెటల్ అంటే మెటల్ గిటార్ల బరువుకి 1970ల నాటి ప్రోగ్రెసివ్ రాక్ పొడవునీ, మలుపుల్నీ కలిపిన బాణీ. పాట నాలుగు నిమిషాల్లో అయిపోవాలన్న రూలేం లేదు. పది నిమిషాలుండొచ్చు, ఇరవై దాటొచ్చు. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి అన్న వరస ఉండకపోవచ్చు. తాళం మధ్యలోనే మారిపోతుంటుంది. మామూలు సినిమా పాట నాలుగు దెబ్బల లెక్కలో నడిస్తే, వీళ్లు ఏడు, అయిదు, మళ్లీ ఆరు అంటూ వెళ్లిపోతారు. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకి ఏడంటే మిశ్ర చాపు, అయిదంటే ఖండ చాపు గుర్తొస్తాయి. వాళ్ల సంప్రదాయం వేరు, మనది వేరు. వేళ్ల మీద లెక్కపెట్టుకునే సరదా మాత్రం ఇద్దరిదీ ఒకటే.

ఈ సంగీతం మీద ఒక పాత ఫిర్యాదు ఉంది. ఇది లెక్కల మాస్టార్ల సంగీతం అని. వేళ్ల వేగం చూపించుకోవడమే తప్ప గుండె ఉండదని. మా ఆఫీసులో హిప్‌హాప్ వినే కొలీగ్ ఒకతను నా హెడ్‌ఫోన్స్ రెండు నిమిషాలు పెట్టుకుని, “బ్రో, ఇది పాటా, ఎంట్రన్స్ ఎగ్జామా?” అని తిరిగిచ్చేశాడు. అతని మాటలో కొంత నిజముంది. స్టూడియోలో చేసిన రికార్డులు వింటే నాకూ అప్పుడప్పుడు అలాగే అనిపిస్తుంది. ఆ ఫిర్యాదుకి నాకు దొరికిన జవాబు ఈ లైవ్ ఆల్బమే.

డ్రీమ్ థియేటర్ 1985లో మొదలైంది. గిటారిస్ట్ జాన్ పెట్రూచీ, బేస్ వాయించే జాన్ మ్యూంగ్, డ్రమ్మర్ మైక్ పోర్ట్‌నాయ్ ముగ్గురూ అప్పుడు బోస్టన్‌లోని బర్‌క్లీ సంగీత కాలేజీ స్టూడెంట్లు. మొదట్లో బ్యాండ్ పేరు మెజెస్టీ. 1992లో వచ్చిన ‘ఇమేజెస్ అండ్ వర్డ్స్’ ఆల్బమ్‌తో పేరొచ్చింది. అందులో ‘మెట్రోపొలిస్’ అనే పాట పక్కన ‘పార్ట్ 1’ అని పెట్టారు. అది కేవలం జోకు. రెండో భాగం తీయాలన్న ఆలోచనే వాళ్లకి లేదు. అభిమానులు ఊరుకుంటారా? పార్ట్ 2 ఏదీ, ఏదీ అని ఏళ్ల తరబడి అడిగారు. సీక్వెల్ కోసం డైరెక్టర్‌ని సోషల్ మీడియాలో ట్యాగ్ చేసే మనకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

ఈలోగా బ్యాండ్ పరిస్థితి బాగోలేదు. 1997 నాటి ‘ఫాలింగ్ ఇన్‌టు ఇన్‌ఫినిటీ’ ఆల్బమ్‌లో రికార్డు కంపెనీ వేలు పెట్టింది. రేడియోలో ఆడేలా పాటలు ఉండాలని ఒత్తిడి. బ్యాండ్ విడిపోయే దాకా వెళ్లింది. చివరికి వాళ్లు తేల్చి చెప్పారు, ఇకనుంచి మా ఇష్టమొచ్చినట్టు చేస్తాం అని. ఆ స్వేచ్ఛతో 1999లో చేసిందే ‘మెట్రోపొలిస్ పార్ట్ 2: సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ’. జోకుగా మొదలైనది 77 నిమిషాల కథ అయింది. చిన్నప్పుడే న్యూయార్క్‌లోని జులియార్డ్‌లో పియానో నేర్చుకున్న జోర్డన్ రూడెస్ కీబోర్డు మీద చేరింది కూడా అప్పుడే.

కథ వింటే మీకు నవ్వొస్తుంది, ఎందుకంటే ఇది మన కథే. నికొలస్ అనే యువకుడికి ఎప్పుడూ చూడని ఇల్లు, ఎప్పుడూ చూడని అమ్మాయి కలలో వస్తుంటాయి. హిప్నోథెరపిస్ట్ దగ్గరికి వెళ్తాడు. తెలిసేదేంటంటే, ఆ అమ్మాయి విక్టోరియా, 1928లో హత్యకి గురైంది, అతని గత జన్మ ఆమే. మనవాళ్లు ‘మూగ మనసులు’ 1964లోనే చూసేశారు. మన తరానికి ‘మగధీర’ ఉండనే ఉంది. అమెరికా అభిమానులకి పునర్జన్మ అంటే ఓ విచిత్రమైన కాన్సెప్ట్ కావచ్చు. మనకైతే గత జన్మ గుర్తు రావడానికి హిప్నాటిజం కూడా అక్కర్లేదు, చెయ్యి తగిలితే చాలు.

తేడా ఒక్కటుంది. మన సినిమాల్లో పునర్జన్మ ప్రేమని పూర్తి చేయడానికి వస్తుంది. ఇందులో హత్య చేసింది ఎవరన్నది తేలడానికి వస్తుంది. విక్టోరియాని ప్రేమించినవాళ్లు ఇద్దరు అన్నదమ్ములు, జూలియన్, ఎడ్వర్డ్. పేపర్లో పడిన వార్త ఒకటి, జరిగింది ఇంకొకటి. పోర్ట్‌నాయ్ తర్వాత ఓ వీడియోలో విప్పి చెప్పినదాని ప్రకారం ముగింపు ఇంకా భయంకరం. అది నేను చెప్పను, మీరే వినండి.

నాకు ఇది దొరికింది ఇంజనీరింగ్ సెకండియర్‌లో, హాస్టల్‌లో, ఓ సీనియర్ హార్డ్ డిస్క్ నుంచి. ముందు స్టూడియో ఆల్బమ్ విన్నాను. నచ్చింది. ఒక మంచి థ్రిల్లర్ నచ్చినట్టు నచ్చింది. తర్వాత అదే ఫోల్డర్ కింద లైవ్ ఫోల్డర్ కనిపించింది. పాటలు అవే కదా, మళ్లీ ఎందుకు అనుకుంటూనే ప్లే చేశాను. మొదటి పాటకి ముందు జనం కేకలు. తర్వాత హిప్నోథెరపిస్ట్ గొంతు నెమ్మదిగా అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అంతమంది ఉన్న హాలు ఆ గొంతు చుట్టూ ఎలా ఊపిరి బిగబట్టిందో నాకు వినిపించింది. స్టూడియో రికార్డులో నిశ్శబ్దం అంటే ఏమీ లేకపోవడం. ఇక్కడ నిశ్శబ్దంలో కొన్ని వేల మంది ఉన్నారు.

ఆ రాత్రి వాళ్లు ‘సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ’ని మొదటి నుంచి చివరిదాకా వరసగా వాయించారు. అది మొదటి భాగం మాత్రమే. తర్వాత జోకుగా మొదలైన ఆ ‘పార్ట్ 1’ పాట, ఇంకా పాత పాటలు, చివర్లో 23 నిమిషాల ‘ఎ ఛేంజ్ ఆఫ్ సీజన్స్’. అదంతా ఒకే రాత్రి. షో అవ్వగానే పోర్ట్‌నాయ్ తెర వెనక కుప్పకూలిపోయాడు. నిద్ర లేదు, తిండి లేదు, టెన్షన్, ఒంట్లో నీళ్లు లేవు. ఈ సంగతి అతనే చెప్పాడు. ఇది తెలిశాక ఆఖరి పాటలో డ్రమ్స్ వింటే ఒక్కో దెబ్బా వేరేగా వినిపిస్తుంది.

గాయకుడు జేమ్స్ లబ్రీ సంగతి ఇంకోటి. 1994 చివర్లో క్యూబాకి సెలవులకెళ్లి ఫుడ్ పాయిజనింగ్ అయింది. ఆ వాంతుల్లో అతని స్వరతంత్రులు దెబ్బతిన్నాయి. గొంతు మునుపటిలా రావడానికి ఏళ్లు పట్టిందని అతనే చెప్పుకున్నాడు. అలాంటి గొంతుతో ఆరేళ్ల తర్వాత మూడు గంటల షో. ఇంటర్నెట్‌లో అతని స్వరస్థానాలని భూతద్దం పెట్టి వెతికేవాళ్లు చాలామంది ఉంటారు. నాకైతే అతను ఓ పైస్వరానికి వెళ్లేముందు వినిపించే ఆ చిన్న ఎగఊపిరి ఇష్టం. అందుకుంటాడా, లేదా? స్టూడియోలో ఈ ప్రశ్న పుట్టదు. అందుకోకపోతే మళ్లీ పాడిస్తారు.

ఇక ‘ద డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ’. మాటల్లేని వాద్య సంగీతం, దాదాపు ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాల్లో తాళం వందకు పైగా సార్లు మారుతుంది. ఎన్నిసార్లన్నది లెక్కపెట్టే విధానాన్ని బట్టి అభిమానులు ఇప్పటికీ కొట్టుకుంటారు. మధ్యలో ఉన్నట్టుండి రూడెస్ పాతకాలపు మూకీ సినిమా పియానోలా ర్యాగ్‌టైమ్ వాయిస్తాడు, నవ్వొస్తుంది. నలుగురు మనుషులు, చేతిలో కాగితం లేకుండా, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటూ ఈ దారంతా పరిగెత్తాలి. ఒక్కడు ఒక్క అక్షరం తప్పితే నలుగురూ పడిపోతారు. లెక్కల సంగీతం అన్నారే, ఆ లెక్కకి అర్థం ఇక్కడే తెలిసింది నాకు. కష్టం ఎందుకు పెట్టుకున్నారంటే, దాన్ని అందరూ కలిసి దాటినప్పుడు వచ్చే సంతోషం కోసం. అవతలి ఒడ్డు చేరగానే హాలు వేసే కేక వినండి. పరీక్ష పాసైన కేకలా ఉండదు. మనవాళ్లు గోదారి దాటి క్షేమంగా వచ్చారన్నట్టు ఉంటుంది.

ఈ మాట నాకంటే ముందు మా తాతయ్యకి అర్థమైందని నా నమ్మకం. అమ్మ వాళ్ల నాన్న. తెనాలి దగ్గర పల్లెటూరు. వ్యవసాయమే బతుకుదెరువు, కానీ చుట్టుపక్కల ఊళ్లలో నాటకాలకి హార్మోనిస్టుగా పేరుండేది. శివరాత్రికీ, శ్రీరామనవమికీ, సంక్రాంతికీ పందిట్లో స్టేజీ పక్కన హార్మణీ ముందు కూర్చునేవాడు. నేను పుట్టేసరికి నాటకాలు తగ్గిపోయాయి. హార్మణీ మాత్రం ఆయన మంచం పక్కనే ఓ గుడ్డ కప్పుకుని ఉండేది.

ఓ సెమిస్టర్ సెలవుల్లో వరండాలో కూర్చుని ఆయన చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టాను. సరిగ్గా ఈ ‘ద డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ’నే. మొదట మొహం చిట్లించాడు. “ఏంట్రా ఈ గోల?” అన్నాడు. కాసేపటికి కుడిచెయ్యి తొడ మీదికి వెళ్లింది. లెక్క పడుతోంది. “ఏడు... ఆఁ, ఏడు పోతోంది.” వెంటనే జారిపోయింది. మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ జారింది. చివరికి నవ్వేసి చెయ్యి తీసేశాడు. పాట అయిపోయి జనం కేకలు వినిపించాయి. ఇయర్‌ఫోన్స్ తీసి చేతిలో పట్టుకుని అడిగాడు: “వాళ్లు అంత చచ్చీ చెడీ వాయిస్తే అక్కడ ఒక్కడూ వన్స్ మోర్ అనడేంట్రా?”

తెలుగు పద్యనాటకం చూడని వాళ్లకోసం చెప్తాను. నటుడు ఒక పద్యం రాగం తీసి పాడతాడు. బాగుంటే జనం “వన్స్ మోర్” అని అరుస్తారు. కథ అక్కడే ఆగిపోతుంది. హరిశ్చంద్రుడు కాటిలో ఉన్నా, కృష్ణుడు రాయబారానికి వచ్చినా సరే, పద్యం మళ్లీ పాడాల్సిందే. రెండోసారి రాగం ఇంకాస్త సాగుతుంది. హార్మోనిస్టు అతని వెంటే వెళ్లాలి, నటుడు ఎక్కడ తిరుగుతాడో ముందే పసిగట్టాలి. రెండు సార్లూ ఒకేలా ఉంటే జనం ఊరుకోరు. అంటే మా తాతయ్య ఆ ఆరు నిమిషాల్లో విన్నది మెటల్ కాదు. ఒకళ్లనొకళ్లు కనిపెట్టుకుంటూ వాయిస్తున్న మనుషుల్ని విన్నాడు. తను చేసిన పని అదే.

ఆ రోజే ఆయనకి ‘ది స్పిరిట్ క్యారీస్ ఆన్’ కూడా వినిపించాను. ఆల్బమ్‌లో ఇదే అన్నిటికంటే నెమ్మదైన పాట. చనిపోతే ఏమవుతాం, ఎక్కడి నుంచి వచ్చాం అన్న ప్రశ్నలు. నికొలస్‌కి తన గత జన్మ తెలిశాక చావంటే భయం పోతుంది, అదీ సందర్భం. రోజ్‌లాండ్‌లో ఈ పాటకి థెరిసా థామసన్‌తో పాటు గాస్పెల్ బృందం వేదిక మీదికి వచ్చింది. చర్చిలో పాడే పద్ధతి అది. ఆ గొంతులు ఒకదాని మీద ఒకటి లేచేసరికి మెటల్ కచేరీ అన్న సంగతి మర్చిపోతాం. పెట్రూచీ గిటార్ సోలో కూడా ఇక్కడ వేగం పక్కన పెట్టి గొంతులా పాడుతుంది. తాతయ్యకి ఇంగ్లీషు రాదు. “దేని గురించిరా?” అన్నాడు. “చావు గురించి” అన్నాను. “కాటి సీనన్నమాట” అన్నాడు, అంతే.

ఆ పోలిక చాలా రోజులు నన్ను వదల్లేదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను వచ్చేసరికి జాషువా గారి శ్మశానం పద్యాలు కలిపి పాడటం మనకి అలవాటు. డి.వి. సుబ్బారావు గారి గొంతులో ఆ సీను విని పెరిగిన తరం ఒకటుంది. అర్ధరాత్రి దాటాక, పిల్లలు చాపల మీద నిద్రపోయాక, పెద్దవాళ్లు చావు గురించి పద్యాలు విని వన్స్ మోర్ అనడం! చావుని మళ్లీ పాడించుకోవడం! మనకి అది వింత కాదు. న్యూయార్క్‌లో ఆ రాత్రి నల్ల టీషర్టులు వేసుకున్న వేలమంది కుర్రాళ్లు అదే ప్రశ్నని కోరస్‌గా పాడారు. ఆ జనం గొంతు రికార్డులో స్పష్టంగా ఉంది. చాలామందికి శ్రుతి కలవలేదు. ఎవరూ దాన్ని తుడిచేయలేదు.

ఇక్కడ ఓ మాట ఒప్పుకోవాలి. లైవ్ ఆల్బమ్ అంటే ఒక్క నోటు కూడా సరిచేయలేదని అర్థం కాదు. రాక్ సంగీతంలో పేరున్న లైవ్ రికార్డులు చాలావాటికి తర్వాత స్టూడియోలో మెరుగులు దిద్దారు. మిక్సింగ్ అనేది అందరూ చేసేదే. కానీ జనాన్ని మిక్స్ చేయగలరేమో గానీ, ఆ జనం ఆ రాత్రి అక్కడికి రావడాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తయారు చేయలేదు.

ఈ ఆల్బమ్‌కి తగిలిన దెబ్బ ఇంకోటుంది. దాని మొదటి కవర్ మీద ముళ్లతీగ చుట్టిన యాపిల్ పండు మండుతూ ఉంటుంది. న్యూయార్క్‌కి బిగ్ యాపిల్ అన్న ముద్దుపేరు ఉంది కదా, అందుకు యాపిల్. ఆ మంటల్లో ఆ నగరపు భవనాలు, వాటిలో ట్విన్ టవర్స్. ఆల్బమ్ అమెరికాలో విడుదలైన రోజు 2001 సెప్టెంబర్ 11. అవును, అదే రోజు. కాకతాళీయమే, కానీ చూసినవాళ్లకి ఒళ్లు జలదరించింది. వెంటనే కాపీలు వెనక్కి తీసుకుని, కవర్ మార్చి మళ్లీ విడుదల చేశారు. తమ సొంత ఊళ్లో, తమకి అన్నిటికంటే సంతోషమైన రాత్రి రికార్డు బయటికొచ్చిన రోజు, ఆ ఊరికి అన్నిటికంటే చెడ్డ రోజు అయింది.

ఇప్పుడు ఆలోచించండి. ఆ కవర్ లేదు. ఆ టవర్లు లేవు. రోజ్‌లాండ్ బాల్‌రూమ్ 2014లో మూతపడింది, తర్వాత భవనాన్నే కూల్చేశారు. పోర్ట్‌నాయ్ 2010లో బ్యాండ్ వదిలేశాడు. ఆల్బమ్‌కి ఇరవై ఏళ్లు నిండిన సందర్భంగా ‘సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ’ మొత్తాన్ని మళ్లీ ఊరూరా తిరిగి వాయించారు. మా తాతయ్య భాషలో చెప్పాలంటే, వన్స్ మోర్ అన్నమాట. 2020 ఫిబ్రవరిలో లండన్‌లో వాయించినది ‘డిస్టెంట్ మెమరీస్’ పేరుతో లైవ్ ఆల్బమ్‌గా వచ్చింది. డ్రమ్స్ మీద మైక్ మాంజినీ. సౌండ్ పాతదానికంటే ఎంతో శుభ్రంగా ఉంటుంది. విన్నాను, ఇష్టపడ్డాను. తర్వాత మళ్లీ 2000కే వెళ్లాను. పోర్ట్‌నాయ్ 2023లో తిరిగొచ్చాడు. అంటే ఆ రాత్రి వాయించిన అయిదుగురూ ఇవాళ మళ్లీ ఒక బ్యాండ్. వెళ్లి చూడొచ్చు. కానీ వాళ్లిప్పుడు కంపెనీతో కొట్లాడి గెలిచిన, తెల్లారితే ఏమవుతుందో తెలియని ఆనాటి మనుషులు కాదు.

తాతయ్య 2019లో పోయాడు. ఆయన పోయిన ఏడాదికి అమ్మమ్మ ట్రంకు పెట్టె సర్దుతుంటే ఓ క్యాసెట్ దొరికింది. మీద పెన్నుతో ‘హరిశ్చంద్ర, శివరాత్రి’ అని ఉంది. ఏ ఏడాదో లేదు. అమ్మ మాత్రం తన పెళ్లికి ముందుదే అంది. టేప్‌రికార్డర్ రిపేర్ చేసే మనిషిని వెతికి పట్టుకోవడానికి నెల పట్టింది. కంప్యూటర్‌లోకి ఎక్కించాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను.

ఎవరో టేప్‌రికార్డర్‌ని స్టేజీ దగ్గర పెట్టి నొక్కేసి వదిలేసినట్టుంది. మైకు కుయ్యిమంటుంది. పక్కనే ఓ పసిపిల్ల ఏడుపు. పద్యం మధ్యలో నాటకం ఆపి, ఫలానా వారు పద్యానికి మెచ్చి యాభై ఒక్క రూపాయలు చదివించారని అనౌన్స్‌మెంటు. కాటి సీనులో కూడా చదివింపులు! హరిశ్చంద్రుడి గొంతు అలసిపోయి ఉంది. దాని కింద, కాస్త దూరంగా, హార్మణీ. నటుడు రాగాన్ని ఒకచోట ఆపి తిప్పుతాడు, హార్మణీ అరక్షణం కూడా ఆలస్యం కాకుండా వెంట తిరుగుతుంది. జనం వన్స్ మోర్ అన్నారు. ఆ సందడిలో హార్మణీ దగ్గర నుంచి ఓ గొంతు, “అరశ్రుతి దించనా?” అంది. నటుడికి కష్టంగా ఉందని గమనించి అడిగిన మాట. మా తాతయ్య గొంతే.

నా ఫోన్లో ఆయన వీడియోలు ఇరవై దాకా ఉన్నాయి. పుట్టినరోజులవి, పండగలవి. అన్నిటిలోనూ ఆయన కెమెరా వైపు చూసి, ఏం చెప్పాలో తెలియక నవ్వే ముసలాయన. ఈ క్యాసెట్‌లో ఉన్నాయన నాకు తెలియదు. ఈయన వయసులో ఉన్న మనిషి. అర్ధరాత్రి రెండింటికి ఊరంతా చూస్తుండగా, పక్కవాడి గొంతు ఎక్కడ తెగుతుందో కనిపెడుతూ పని చేస్తున్న మనిషి. ఎవరూ ఆయన కోసం రికార్డు చేయలేదు, అందుకే ఆయన అందులో ఉన్నాడు.

లైవ్ ఆల్బమ్ నన్నెందుకు లాగుతుందో అప్పుడు తెలిసింది. మా ఉద్యోగంలో ఏదైనా తేడా వస్తే పాత వెర్షన్‌కి వెళ్లిపోతాం. అదో గొప్ప సౌకర్యం, అది లేకపోతే నాకు నిద్రే పట్టదు. ఇప్పుడైతే ప్రాంప్ట్ ఇస్తే మెటల్ పాట కూడా తయారై వస్తోంది, తాళం వందసార్లు మార్చమంటే మారుస్తుంది కూడా. అది తప్పదు, చెమట పట్టదు, కింద పడిపోయే భయం లేదు. ఆ పాటలు కొన్ని విన్నాను. పరవాలేదు, బాగానే ఉన్నాయి. వాటిలో పక్కవాడికి శ్రుతి దించనా అని అడిగేవాడే కనిపించలేదు. రోజ్‌లాండ్ రికార్డులో నేను వెతికేది ఆ మనిషినే. పోర్ట్‌నాయ్ ఒక్కో మలుపు ముందు కర్రలతో ఇచ్చే సైగ, లబ్రీ ఊపిరి తీసుకునేలోపు పెట్రూచీ ఇచ్చే ఆ కాస్త జాగా, శ్రుతి కలవని జనం.

మీరూ మొదలుపెడదాం అనుకుంటే నాదో సలహా. మూడు గంటలూ ఒకేసారి పెట్టుకోకండి. మొదటి రోజు ‘ది స్పిరిట్ క్యారీస్ ఆన్’ ఒక్కటే, రాత్రిపూట, హెడ్‌ఫోన్స్‌తో. నచ్చితే రెండో రోజు కథ మొదటి నుంచి ‘ఫైనల్లీ ఫ్రీ’ దాకా, సుమారు గంటా ఇరవై నిమిషాలు. పాటల సాహిత్యం పక్కన పెట్టుకుంటే హత్య ఎవరు చేశారో మీకే తెలుస్తుంది. ‘ద డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ’ దగ్గర తొడ మీద లెక్క వేసి చూడండి. జారిపోతుంది, కంగారు పడకండి. తెనాలి దగ్గర నలభై ఏళ్లు హార్మణీ వాయించినాయనకే జారింది.

ఇంకో చిన్న పని. మీ ఇంట్లో అటక మీదో, ట్రంకు పెట్టెలోనో పాత క్యాసెట్లు ఉంటే పారేయకండి. పెళ్లి క్యాసెట్టో, భజనో, బుర్రకథో, ఏదైనా సరే. టేపు కాలంతో పాటు పాడైపోతుంది, అట్టే ఆగదు. ఈ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఓసారి అడగండి.